నొక్కే వేలు, వదిలే వేలు

ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ గిటారు ఇప్పుడు వింత వస్తువేమీ కాదు. ఆదివారం పొద్దున చర్చి పాటల వెనక మోగేది అదే. 2015లో తాడేపల్లిగూడేనికి నిట్ వచ్చింది. ఇంజినీరింగ్ హాస్టలు ఉన్నచోట ఏ గదిలోనో ఒక గిటారు గోడకు ఆని ఉండడం మామూలే. జి, సి, డి, ఇ మైనర్ అనే నాలుగు కార్డులు పట్టుకుని, ప్లెక్ట్రమ్‌తో, అంటే తీగలు మీటే చిన్న బిళ్లతో, కిందికీ పైకీ కొట్టడం వస్తే బోలెడు సినిమా పాటలకు తోడు వాయించొచ్చు. దానికి నెలో రెండు నెలలో పడుతుంది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, పాడేవాళ్లకు తోడు కావాలంటే అది చాలు. చిక్కంతా ఆ తరవాత వస్తుంది. పాడే మనిషి లేకుండా, ఒక్క గిటారే కింద ఆధార స్వరాన్నీ పైన రాగాన్నీ కలిపి పలకడం ఎక్కడో వింటాడు కుర్రాడు. తనకూ అదే కావాలనుకుంటాడు. పుస్తకం తెచ్చుకుంటాడు, వీడియోలు చూస్తాడు, ఆరు నెలలు తిరిగేసరికి ముంజేయి పట్టేసి, స్వరం గీరుకుపోయి ఆగిపోతాడు. వేళ్లలో బలం చాలలేదనో, వేగం రాలేదనో సరిపెట్టుకుంటాడు. అసలు సంగతి వేరు. ఆ చేతికి నొక్కడం వచ్చు, లాగడం వచ్చు, వదలడం రాదు. క్లాసికల్ గిటారును పద్ధతిగా నేర్చుకోవడంలో ముప్పాతిక వంతు ఈ వదలడమే. మన ఊళ్లలో అందరూ నేర్పకుండా దాటేసేదీ అదే.

ముందు వాద్యం సంగతి. క్లాసికల్ గిటారుకు ప్లెక్ట్రమ్ ఉండదు. కుడిచేతి బొటనవేలు మంద్రంలోని మూడు తీగల బాధ్యత తీసుకుంటుంది, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలు మిగిలిన మూడింటి మీద పనిచేస్తాయి, చిటికెనవేలికి సెలవు. బొటనవేలు మీటిన స్వరం నాలుగు మాత్రల పాటు నిలిచి ఉండగా దాని మీద రాగం నడవాలి, మధ్యలో మరో గొంతు లోపల్లోపల కదలాలి. ఏ వేలు ఎప్పుడు తీగను తాకింది, ఎప్పుడు వదిలింది అన్నదాన్నిబట్టే వినేవాడికి మూడు గొంతులు విడివిడిగా వినిపిస్తాయి, లేదా కలగాపులగమవుతాయి. ఈ వాద్యానికి ఇప్పటి ఆకారం ఇచ్చినవాడు 19వ శతాబ్దపు స్పెయిన్ పనివాడు ఆంతోనియో దె తోరెస్. తీగ మోగే పొడవు 650 మిల్లీమీటర్లు అన్న కొలత ఆయన తరవాతే స్థిరపడింది. అప్పట్లో తీగలు జంతువుల పేగులతో చేసేవారు. 1940లలో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఆగస్టీన్ నైలాన్ తీగలు తయారుచేశాడు, స్పెయిన్ విద్వాంసుడు ఆంద్రెస్ సెగోవియా వాటిని కచేరీల్లోకి తెచ్చాడు. ఆరు నైలాన్ తీగలు కలిసి గిటారును లాగే బలం సుమారు 40 కిలోలు. స్టీలు తీగల గిటారులో అది 70 కిలోలు దాటుతుంది. అందుకే నైలాన్ గిటారుకు స్టీలు తీగలు బిగించడమంత తెలివితక్కువ పని లేదు: కొన్నాళ్లకు కింద తీగలు కట్టే బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది. దుకాణంలో శబ్దం గట్టిగా వస్తుందని ఎవరైనా అలా బిగించి ఇస్తామంటే వద్దనాలి. కొనేముందు మెడ వెడల్పు కూడా చూసుకోవాలి. క్లాసికల్ గిటారు మెడ తల దగ్గర 52 మిల్లీమీటర్ల దాకా వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటుంది. ఆ వెడల్పు లేకపోతే పక్క తీగకు తగలకుండా వేలు పెట్టడం, తియ్యడం రెండూ కష్టమే.

ఇక కుడిచేయి. ఇక్కడ కొంచెం నింపాదిగా చూడాలి, ఎందుకంటే విద్యార్థి బాగుపడేదీ చెడేదీ ఈ చోటే. తీగను మీటడమంటే వేలితో కొట్టడం అనుకుంటాం. సాధనలో అది నాలుగు పనులు. వేలి చివరి కండ, గోరు అంచు రెండూ తీగకు ఒకేసారి ఆనడం మొదటిది. ఆనిన వేలు తీగను కాస్త లోపలికి, గిటారు పొట్ట వైపు ఒత్తడం రెండోది. గోరు ఏటవాలు మీదుగా తీగ జారిపోవడం మూడోది. జారిన వెంటనే వేలు పూర్తిగా ఖాళీ అయిపోయి, ఎవరూ వెనక్కి లాగకుండానే తన చోటికి రావడం నాలుగోది. కొత్తవాళ్లు మొదటి మూడూ ఎలాగో తంటాలుపడి చేస్తారు. నాలుగోది జరగదు. స్వరం పలికాక కూడా వేలు అరచేతిలోకి ముడుచుకుని బిగిసి ఉంటుంది, పక్కవేలు దానితోపాటు బిగుస్తుంది, చిటికెనవేలు కొంకిలా పైకి లేస్తుంది. అప్పుడు తరవాతి స్వరానికి ఆ వేలు ముందు తన బిగింపును తానే విప్పుకోవాలి, ఆ తరవాత మీటాలి. నెమ్మదిగా వాయించేటప్పుడు ఇది తెలియదు. వేగం పెంచగానే విప్పుకునే వ్యవధి ఉండదు, చెయ్యి గడ్డకట్టుకుపోతుంది. ఫ్రాన్సిస్కో తార్రెగా రాసిన ‘రెక్యుయెర్దోస్ దె లా అల్హంబ్రా’ అనే గిటారు రచనలో ఒకే తీగను ఉంగరం, నడిమి, చూపుడు వేళ్లు వరసగా, ఆగకుండా మీటుతూనే ఉండాలి. బిగిసిన చేత్తో దాన్ని నాలుగు వరసలు వాయించడం కూడా కష్టం. వదలడం వచ్చిన చేతికి అది వేగంగా చేసే పనిలాగే ఉండదు.

ఒత్తే దిశ గురించి ఒక మాట. తీగను పైకి లాగి వదిలితే అది మెడ మీద తపతపా కొట్టుకుంటుంది, శబ్దం పలచగా వస్తుంది. లోపలికి ఒత్తి వదిలితే తీగ పొట్ట పలకకు నిలువుగా ఊగుతుంది, ఆ ఊపు బ్రిడ్జి ద్వారా పలకను బాగా కదిలిస్తుంది, నాదం నిండుగా ఉంటుంది. గట్టిగా వినిపించడానికి బలం పెంచుతూ పోయే విద్యార్థికి నిజంగా కావలసింది ఈ దిశ మార్పు. మీటిన వేలు వెళ్లి పై తీగకు ఆని ఆగితే దాన్ని రెస్ట్ స్ట్రోక్ అంటారు, ఆనకుండా గాల్లో తేలిపోతే ఫ్రీ స్ట్రోక్. రెండింటిలోనూ కదలిక వేలి మొదటి కణుపు నుంచి, అంటే చెయ్యి వేలుగా విడిపోయే గుండ్రటి ఎముక దగ్గర నుంచి రావాలి. చివరి కణుపుతో గీకితే గోకుడు శబ్దమే మిగులుతుంది.

ఎడమచేతి సంగతి ఇంకా తేలిగ్గా రుజువు చేసుకోవచ్చు. తీగ మీద వేలు ఊరికే ఆనించి కుడిచేత్తో మీటితే ‘టప్’ మని చచ్చిన శబ్దం వస్తుంది. మీటుతూనే ఎడమ వేలి ఒత్తిడి కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. ముందు బరబర వినిపిస్తుంది, ఒకచోట ఉన్నట్టుండి స్వరం శుభ్రంగా విచ్చుకుంటుంది. అంతే ఒత్తిడి చాలు. ఫ్రెట్ కడ్డీకి సరిగ్గా వెనకే వేలు పెడితే ఆ ఒత్తిడి నమ్మలేనంత తక్కువ. కడ్డీకి దూరం జరిగిన కొద్దీ పెరుగుతుంది. చాలామంది ఈ గీత దాటి తడిగుడ్డ పిండినట్టు మెడను పిండుతారు. దానివల్ల శబ్దం ఏమీ మెరుగవదు సరిగదా, శ్రుతి చెడుతుంది: అవసరానికి మించి నొక్కిన తీగ సాగి, స్వరం కాస్త పైకి పోతుంది. ఇంట్లో ట్యూనర్ ఉన్న ఎవరైనా ఒకే స్వరాన్ని రెండు రకాలుగా నొక్కి చూసుకోవచ్చు, ముల్లు కదలడం కనిపిస్తుంది. గిటారు శ్రుతిలో లేదని తీగలు మార్చేవాళ్లలో కొందరికి మార్చాల్సింది బొటనవేలే. మెడ వెనక ఆ వేలు వేసే పట్టు వదిలి, చేతి బరువును తీగ మీద వేలాడనిస్తే సగం పని తీరిపోతుంది.

కూర్చోవడంలో కనిపించే వింత పద్ధతులకూ కారణం ఇదే. ఎడమ పాదం కింద పన్నెండు పదిహేను సెంటీమీటర్ల ఎత్తున పీట, ఎడమ తొడ మీద గిటారు నడుము, గిటారు తల దాదాపు కంటి ఎత్తున. బయటివాళ్లకు ఇది దర్జా ప్రదర్శనలా అనిపిస్తుంది. రెండు తొడలు, ఛాతీ, కుడి ముంజేయి గిటారును మోస్తున్నప్పుడు ఎడమచెయ్యి దాన్ని మొయ్యనక్కర్లేదు. ఎడమచెయ్యి పూర్తిగా తీసేసినా గిటారు కదలకూడదు. కదిలిందంటే చెయ్యి వాయిస్తూ మోస్తోందన్నమాట. దీనికి దుకాణంలో దొరికే మడత పీటే అక్కర్లేదు, ఇంట్లో భోజనాల పీట కూడా పనికొస్తుంది.

ఇక్కడ ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, అదీ ఈ ప్రాంతం వాళ్లే అడగాలి. పద్ధతి, పద్ధతి అంటున్నారే, మన పాలకొల్లు కుర్రాడు ఏ పాశ్చాత్య పద్ధతి నేర్చుకుని మాండొలిన్‌ను ప్రపంచానికి వినిపించాడు? ప్రశ్న గట్టిదే. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. గిటారు వాద్యకారుడు వాసురావు ఆ పిల్లవాడికి 1976లో పాశ్చాత్య సంగీతం పరిచయం చేశాడు. తరవాత తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు చేరదీశారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, గాత్రవిద్వాంసుడు, ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగ మీద పలికించేవాడు. 1978లో కొల్లేటికి ఆ పక్కనున్న గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. 1998లో పద్మశ్రీ. ఇంత చరిత్రలో కుర్చీ, పీట, గోరు అంచు ఎక్కడా లేవు. నిజమే. కాని ఉన్నదేమిటో చూడాలి. వాద్యం రాని గురువు దగ్గర నేర్చుకోవడమంటే వేలెలా పెట్టాలో చెప్పేవాడు లేకపోవచ్చు, స్వరం ఎలా ఉండాలో చెప్పేవాడు మాత్రం ఎదురుగా కూర్చుని ప్రతి స్వరాన్నీ ఒప్పుకుంటూనో కొట్టేస్తూనో ఉన్నాడు. గొంతులో వచ్చే సాగుదల, గమకం తీగ మీద రావాలన్నది షరతు. ఆ షరతు తీర్చడానికి వాద్యాన్నే మార్చుకున్నాడు: నాలుగు జంట తీగల మాండొలిన్ పోయి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ వచ్చింది. జంట తీగలను కలిపి జార్చడం కష్టం, మామూలు మాండొలిన్‌లో స్వరం మీటగానే చచ్చిపోతుంది. ఒంటి తీగ, విద్యుత్ పెంపు ఉంటే తక్కువ మీటుతో ఎక్కువసేపు స్వరం నిలుస్తుంది. చేతికి పనిభారం తగ్గించి నాదం పెంచుకోవడమే ఇది. ఆయనకు పద్ధతి లేదనడం కుదరదు, తన సంగీతానికి తగిన పద్ధతిని గురువు చెవి కింద కూర్చుని కట్టుకున్నాడు.

దీన్ని బట్టి ఎవరికి వాళ్లం కట్టుకుందాం అనడానికి లేదు. శ్రీనివాస్ ముందు మాండొలిన్ కోసం రాసిన కర్ణాటక గ్రంథం లేదు, అందుకే వెతుక్కోవాల్సి వచ్చింది. క్లాసికల్ గిటారు విద్యార్థి ముందు రెండు వందల ఏళ్ల రచనలున్నాయి. ఏ వేలు ఎక్కడ అన్నది వాటిలో అచ్చులోనే ఉంటుంది. ఆ రచనలు వాయించాలనుకున్నవాడు వాటిని పుట్టించిన చేతుల అనుభవాన్ని పక్కన పెడితే దారి దగ్గరవదు. పైగా మహా ప్రతిభావంతుణ్ణి చూపించి మామూలు విద్యార్థికి దారి చెప్పడం ఏ విద్యలోనూ చెల్లదు.

అయితే ఆ చేతులన్నీ ఒకే మాట చెప్పాయా అంటే, లేదు. సంప్రదాయవాదులకు నచ్చకపోయినా ఇది చెప్పుకోవాలి. 1830లో గిటారు పద్ధతి మీద గ్రంథం వెలువరించిన ఫెర్నాందో సోర్ గోళ్లు వద్దన్నాడు. ఆయన స్నేహితుడు దియోనిసియో అగువాదో గోళ్లతోనే వాయించేవాడు. ఇద్దరూ పారిస్‌లో కలిసి కచేరీలు చేశారు. ఇద్దరూ కలిసి వాయించడానికి సోర్ ‘ఇద్దరు స్నేహితులు’ అనే యుగళం రాశాడు. తార్రెగా చివరి రోజుల్లో గోళ్లు తీసేశాడు, సెగోవియా గోళ్లతో ప్రపంచం తిరిగాడు. మన వీణలోనూ గోటితో మీటేవాళ్లున్నారు, వేలికి తీగ చుట్టు తొడుక్కునేవాళ్లున్నారు. వయొలిన్ కథ ఇంకా దూరం వెళ్లింది. రెండు వందల ఏళ్ల కిందట ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని యూరోపియన్ల దగ్గర నేర్చుకున్నాడు. క్రమంగా మనవాళ్లు దాన్ని గడ్డం కింది నుంచి దించి, నేల మీద కూర్చుని, తలను కుడి పాదం మీద ఆనించారు. దానివల్ల ఎడమచేతికి వయొలిన్‌ను పట్టుకునే పని పోయింది, తీగ పొడవునా జారడానికి స్వేచ్ఛ వచ్చింది, గమకం పలికింది. పారిస్‌లో కుర్చీ, పీట చేసిన పనినే మన దగ్గర నేల, పాదం చేశాయి. అంచేత గోళ్లా కండా, కుర్చీయా నేలా అన్న తగాదాలో కూరుకుపోనక్కర్లేదు. ఏ బడి పద్ధతైనా చివరకు అడిగేది ఒకటే: ఈ పనికి అక్కర్లేని కండరం ఏది పనిచేస్తోంది? దాన్ని ఆపు. నేల మీద బాసింపట్టు వేసి గిటారు వాయించే కర్ణాటక విద్వాంసులు ఉన్నారు. వాళ్ల సంగీతానికి అది సరిపోతుంది. సోర్‌నూ తార్రెగానూ వాయించాలంటే మెడ పైకి లేచి ఉండాలి, మణికట్టు వంగకూడదు, కనక పీటే మేలు.

వదలడం ఎలా అలవాటవుతుంది? ఇక్కడ మన సంగీతం చదువుకున్న ఇళ్లకు ఒక సదుపాయం ఉంది, దాన్ని ఎవరూ వాడుకోవడం లేదు. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, ఒకే వరస మూడు కాలాల్లో. అందులో రాగం మారదు, స్వరాలు తెలిసినవే. బుద్ధికి కొత్త పని లేకపోవడం వల్ల దృష్టి అంతా గొంతు మీదో వేలి మీదో నిలుస్తుంది. సరిగ్గా ఇదే ఆలోచనతో మౌరో జూలియానీ 1812 ప్రాంతంలో కుడిచేతికి 120 పాఠాలు రాశాడు. నూట ఇరవైలోనూ ఎడమచేతికి ఉన్నది రెండే కార్డులు, సి మేజరు, జి సెవెన్. మారేదల్లా కుడిచేతి వేళ్ల వరస. ఇంత బోరుగా ఎవరు వాయిస్తారని పిల్లలు అడుగుతారు, పెద్దలూ అడుగుతారు. సరళీ వరసలు చెప్పించే అమ్మ మాత్రం అడగకూడదు. నెమ్మది ఎందుకన్నదానికి శాస్త్రం కూడా సమాధానం చెప్పింది. 1954లో అమెరికా మనస్తత్వవేత్త పాల్ ఫిట్స్ చేతి కదలికల మీద చేసిన ప్రయోగాలు వేగానికీ గురికీ ఉన్న బేరాన్ని లెక్కల్లో చూపించాయి: గురి చిన్నదైన కొద్దీ కదలికకు ఎక్కువ సమయం కావాలి. తీగ మందం ఇంచుమించు ఒక మిల్లీమీటరే. అంత చిన్న గురిని పరుగులో తప్పకుండా కొట్టాలంటే చెయ్యి ముందు నెమ్మదిలో దాన్ని గుర్తుపెట్టుకోవాలి. తొందరపడి వంద సార్లు బిగిసిన చేత్తో వాయిస్తే చెయ్యి నేర్చుకునేది ఆ బిగింపునే, చాలా శ్రద్ధగా.

శరీరం కూడా సాక్ష్యం చెబుతుంది. ఉంగరంవేలిని మిగతా వేళ్లు కదలకుండా ఎత్తి చూడండి, మొండికేస్తుంది. చేతి వెనక వేళ్లను ఎత్తే కండరాల తాళ్లమధ్య అడ్డంగా కట్లు ఉంటాయి, అవి పక్కవేళ్లను కట్టిపడేస్తాయి. ఇది బలంతో తెంపుకునే కట్టు కాదు. దాన్ని ఒప్పుకుని ఆ వేలికి కావలసినంత చిన్న కదలిక ఇవ్వడమే తెలివి. అలా కాక ఏళ్ల తరబడి అదుపు తప్పిన బిగింపుతో సాధన చేస్తే కొందరిలో ఫోకల్ డిస్టోనియా అనే స్థితి వస్తుంది: నొప్పి ఉండదు, వాద్యం ముట్టుకోగానే వేలు తనంతట తాను ముడుచుకుపోతుంది. వృత్తి సంగీతకారుల్లో సుమారు నూటికి ఒకరికి వస్తుందని వైద్యుల అంచనా. దానికి కారణం బిగింపు ఒక్కటే అనలేం. అమెరికా పియానో విద్వాంసుడు లియోన్ ఫ్లైషర్ కుడిచేతిని అది 1960లలో పడగొట్టింది, ఆయన దశాబ్దాలు ఎడమచేతి రచనలే వాయించాడు. పిల్లల్ని భయపెట్టడానికి చెప్పే సంగతి కాదిది. ముంజేయి మండుతుంటే ‘ఇంకాస్త ఓర్చుకో’ అనే మాస్టరు మాట వినకూడదని చెప్పడానికి. వేలి కొనల మీద కాయలు కాసేదాకా మంట సహజం, అది రెండు మూడు వారాల్లో పోతుంది. మణికట్టులో, బొటనవేలి మొదట్లో, భుజంలో నొప్పి సహజం కాదు.

అసలైన అభ్యంతరం మాత్రం డబ్బూ దూరమూ. ఏలూరులో క్లాసికల్ గిటారు గురువును వెతకడం తేలికేమీ కాదు, కైకలూరు, ఆకివీడు వైపు పల్లెల్లో చెప్పనక్కర్లేదు. అందుకే అందరూ వీడియోలవైపు వెళ్తారు, అందులో ప్రపంచంలోని మంచి గురువులు ఉచితంగా పాఠం చెబుతున్న మాటా నిజమే. అయితే వీడియోలోని గురువు చూపిస్తాడే గాని చూడడు. సుబ్బరాజు గారు చేసిన పనిలో సగం, అంటే వినడమూ తప్పు పట్టడమూ, అక్కడ ఉండదు. ఫోనును వాయించేవాడి వైపు తిప్పితే ఆ లోటు కొంతవరకు తీరుతుంది. రోజుకో నిమిషం, కుడిచేయి పక్కనుంచి ఒకసారి, ఎదురుగా భుజాలూ దవడా కనిపించేలా ఒకసారి తీసుకుని, శబ్దం ఆపేసి చూడాలి. చిటికెనవేలు లేస్తోందా, ఎడమ భుజం చెవికి చేరుతోందా, ఊపిరి బిగబట్టాడా అన్నది అప్పుడు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. వాయిస్తున్నప్పుడు చెవి రాగం వెనక పోతుంది గనక ఇవేవీ తెలియవు. దానితోపాటు నెలకొకసారైనా మనిషి ముందు కూర్చోవాలి. విజయవాడ రైల్లో గంటా గంటన్నర దూరం. వారం వారం ఎవరో ఒకరి దగ్గర కొత్త పాట నేర్చుకోవడం కంటే నెలకొకసారి చెయ్యి దిద్దే మనిషి దగ్గరకు వెళ్లడం లాభం.

పరీక్షలు కూడా ఒక దారి, అతి చెయ్యనంతవరకు. లండన్ ట్రినిటీ కాలేజీ క్లాసికల్ గిటారుకు ఇనీషియల్ నుంచి ఎనిమిదో గ్రేడు దాకా పరీక్షలు పెడుతుంది, మన దేశంలోనూ జరుగుతాయి. మద్రాసులో ధన్‌రాజ్ మాస్టరు దగ్గర పాశ్చాత్య సంగీతం చదివిన ఇళయరాజా ఆ సంస్థ క్లాసికల్ గిటారు పరీక్ష పాసైనవాడే. సినిమా పాటకు ఈ చదువు ఎందుకనేవాళ్లు ఆయన పాటల్లో గిటారు ఎలా నడుస్తుందో ఒకసారి వినాలి. ఎదురుగా కూర్చుని ఇచ్చే గ్రేడు పరీక్షలో వంద మార్కులుంటాయి: మూడు రచనలకు 66, స్కేళ్లలాంటి సాధన పాఠాలకు 14, తక్కినవాటికి 20. ఒక్కో రచనకిచ్చే 22లోనూ ఏడు చేతి నైపుణ్యానికే. కూడితే 35 మార్కులు నేరుగా చేతికే పోతున్నాయి. మన దగ్గర తల్లిదండ్రులు గ్రేడు అంకె చూసి పిల్లల్ని ఏడాదికి రెండు మెట్లు ఎక్కిస్తారు, బిగిసిన చెయ్యి నాలుగో గ్రేడు దాకా ఎలాగో లాక్కొస్తుంది, అయిదులో కూలబడుతుంది. అప్పుడు మళ్లీ ఖాళీ తీగల దగ్గర మొదలుపెట్టాలంటే పదిహేనేళ్ల పిల్లకు అవమానంగా ఉంటుంది. మొదటి ఏడాదే ఆ పని చేయిస్తే ఎవరికీ ఏమీ అనిపించదు.

ఈ నేల గాలి కూడా లెక్కలోకి తీసుకోవాలి. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య కొల్లేరు, చుట్టూ చేపల చెరువులు, వరి చేలు. వానాకాలంలో గాలిలో తేమ తరచు 80 శాతం దాటుతుంది. గిటార్లు చేసేవాళ్లు చెక్కను 45, 50 శాతం తేమలో ఉంచి పనిచేస్తారు. అంత పొడిగాలిలో పుట్టిన వాద్యం ఇక్కడికొచ్చి తేమ పీల్చుకుంటే పొట్ట పలక ఉబ్బుతుంది, దానితో బ్రిడ్జి పైకి లేస్తుంది, తీగలు మెడకు దూరమవుతాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గర సన్న తీగ ఎత్తు 3 మిల్లీమీటర్లు, మందపాటి తీగ ఎత్తు 4 మిల్లీమీటర్లు ఉంటే సరైన లెక్క. ఒక మిల్లీమీటరు పెరిగిందంటే ఎడమచెయ్యి తెలియకుండానే మళ్లీ పిండడం మొదలుపెడుతుంది, ఆర్నెల్లు నేర్చుకున్న తేలికదనం ఒక్క వానాకాలంలో పోతుంది. విద్యార్థి తనను తాను తిట్టుకునేముందు స్కేలు పెట్టి కొలుచుకోవాలి. వాడనప్పుడు గిటారును గోడకు తగిలించకుండా పెట్టెలో పెట్టడం, అందులో సిలికా జెల్ పొట్లాలు వేసి ఎప్పటికప్పుడు మార్చడం, వంటింటి గోడకు ఆనించకపోవడం, ఎండలో నిలిపిన కారులో వదలకపోవడం చేస్తే చాలు. అచ్చమైన చెక్క పలక ఉన్న ఖరీదైన గిటారుకంటే ప్లైవుడ్‌తో చేసిన చవక గిటారే ఈ తేమను బాగా తట్టుకుంటుంది, కనక మొదటి వాద్యానికి అప్పు చెయ్యక్కర్లేదు. పదేళ్లలోపు పిల్లలకైతే 650 కొలత అసలు వద్దు, చిన్న సైజు గిటార్లు దొరుకుతాయి. పెద్దయ్యాక సరిపోతుందని పెద్దది కొంటే వేళ్లు చాచడంలోనే బిగింపు మొదలవుతుంది.

గోళ్ల విషయంలో అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఒకే చిక్కు: అంట్లు, చెరువు పని, క్రికెట్. కుడిచేతి గోరు వేలి కండ దాటి మిల్లీమీటరో రెండో ఉంటే చాలు, దాని అంచు నునుపుగా, సన్న గరుకు కాగితంతో రుద్ది ఉండాలి. విరిగితే సోర్ లాగా కండతో వాయించుకోవచ్చు, సాధన ఆపక్కర్లేదు. ఎడమచేతి గోళ్లు మాత్రం పూర్తిగా తీసేయాల్సిందే. మొదటి మూడు నెలలు ఖాళీ తీగల మీద మీటి వదలడం, తరవాత జూలియానీ పాఠాల్లో మొదటి పది, ఆ తరవాత మత్తేయో కార్కాస్సీ ఓపస్ 60లోని పాతిక పాఠాల్లో తేలికవి. రోజుకు ఒక గంటను మూడు ఇరవై నిమిషాలుగా విడగొట్టుకుంటే మంచిది. అలసిన చేత్తో మూడో ఇరవై నిమిషాలు వాయించడం కంటే ఊరుకోవడం నయం. చర్చిలో కార్డులు కొట్టే అలవాటు ఉన్నవాళ్లు అది మానుకోనవసరం లేదు, ప్లెక్ట్రమ్ పట్టు వేరు, ఇది వేరు, చెయ్యి రెండూ విడివిడిగా నేర్చుకుంటుంది. కొత్త మాస్టరు దగ్గర చేరేముందు ఒక క్లాసు ఊరికే కూర్చుని చూడనివ్వమని అడగండి. శిష్యుడు తప్పు స్వరం వాయించినప్పుడు ఆయన వెంటనే సరైన స్వరం చెప్పి ముందుకు పోతారా, లేక ఆపి, ఆ తప్పుకు ముందు మణికట్టో భుజమో ఏం చేసిందో చూపిస్తారా అన్నది గమనించండి. రెండో రకం మాస్టరు ఫీజు కాస్త ఎక్కువైనా, ఆయన ఇల్లు రెండు స్టేషన్ల అవతలున్నా వెళ్లండి.